ఒక్క మోచేతి పోటుకు అంతరిక్షంలోకి: ‘జోసీ అండ్ ద పుసీక్యాట్స్ ఇన్ ఔటర్ స్పేస్’

ఫొటోలో ముందు వరసలో తనే ఉండాలని అలెగ్జాండ్రా ఆరాటం. ‘పుసీక్యాట్స్’ అనే ముగ్గురు అమ్మాయిల పాటల బ్యాండుకు నాయకురాలైన జోసీని మోచేత్తో పక్కకు నెడుతుంది. జోసీ వెళ్లి ఇంకొకరి మీద, వాళ్లు మరొకరి మీద పడి, పిల్లితో సహా అందరూ వెనకున్న అంతరిక్ష నౌకలోకి దొర్లిపోతారు. లోపల అలెగ్జాండ్రా చెయ్యి తగలకూడని చోట తగులుతుంది. రాకెట్ లేస్తుంది. ఇంతే కథ! మిగతాదంతా ఇంటికి దారి వెతుక్కోవడం, దొరికిన ప్రతి గ్రహం మీదా ఇరుక్కోవడం.

హన్నా-బార్బెరా కంపెనీ తీసిన ఈ కార్టూన్ అమెరికాలో సీబీఎస్ ఛానెల్లో 1972 సెప్టెంబర్ 9న, శనివారం పొద్దుటి పిల్లల కార్యక్రమాల్లో మొదలైంది. మొత్తం 16 ఎపిసోడ్లు. వార్నర్ ఆర్కైవ్ వాళ్లు 2010లో తెచ్చిన డీవీడీలో చూశాను, ఎక్కువ భాగం మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని. నేను వీడియోలకు సౌండ్ ఎడిటింగ్ చేస్తాను. కాబట్టి కంటికంటే ముందు నా చెవి పనిలోకి దిగుతుంది. ఈ రివ్యూలో ఆ జాడ్యం కనిపిస్తే సర్దుకోండి.

అంతరిక్షం చూద్దామని కూర్చుంటే మాత్రం నిరాశే. నౌకలో అందరూ హాయిగా నడుస్తారు, తేలడాలూ గీలడాలూ ఏమీ లేవు. గ్రహాంతరవాసులు చక్కటి ఇంగ్లీషు మాట్లాడతారు, అందుకు ఎవరూ ఆశ్చర్యపోరు. విశ్వాన్ని ఏలేస్తానని బయల్దేరే విలన్లలో ఒకడికీ ఇంకొకడికీ తేడా టోపీలోనే. ఇది ప్రసారమైన ఆ డిసెంబర్లోనే అపోలో 17 చంద్రుడి మీద దిగి వచ్చింది. మనుషులు అక్కడ కాలు పెట్టడం అదే ఆఖరు. అలాంటి రోజుల్లో, నిజం రాకెట్లను టీవీలో చూస్తూ పెరుగుతున్న పిల్లల కోసం తీసిన బొమ్మలో సైన్సు ఇంత తక్కువగా ఉండటం వింతే. కానీ దీన్ని తీసినవాళ్ల దృష్టి ఆకాశం మీద లేదు, అలెగ్జాండ్రా మీద ఉంది. అక్కడే నాకు నచ్చింది.

భూమ్మీద జరిగిన మొదటి సిరీస్‌లోని తగాదాను యథాతథంగా మూటగట్టి పైకి పంపారు. బ్యాండులో చోటు తనకు దక్కాల్సిందని, వాళ్లతో తిరిగే కుర్రాడు ఆలన్ జోసీని వదిలి తనవైపు చూడాల్సిందని అలెగ్జాండ్రా ఏడుపు. కోట్ల మైళ్లు దాటాక కూడా ఆ ఏడుపు పిసరంతైనా తగ్గదు. ప్రాణం మీదికి వచ్చిన సమయంలో కూడా ఆవిడకు జోసీ జడే కంటగింపు. షెర్రీ అల్బెరోనీ ఆ పాత్రకు ఇచ్చిన గొంతు వినండి: ప్రతి మాట చివర చిన్న విరుపు, అరిచినప్పుడు కూడా ముక్కుతో అరుస్తున్నట్టే ఉంటుంది. నవ్వు పుట్టేది ఆ విరుపులో.

మిగతావాళ్లలో, బ్యాండులోని వాలరీ నాకిష్టం. నౌకలో ఏది చెడినా బాగుచేసేది ఆ పిల్లే, దాని గురించి పెద్ద ఉపన్యాసం ఇవ్వకుండా. శనివారం కార్టూన్లలో రెగ్యులర్ పాత్రగా కనిపించిన మొదటి నల్లజాతి అమ్మాయి కూడా ఆమే. బ్యాండులో మూడో అమ్మాయి మెలొడీ పూర్తి అమాయకురాలు, ప్రమాదం దగ్గరపడితే చెవులు కదులుతాయి. ఆమె పెంచుకునే బ్లీప్ అనే గ్రహాంతర జంతువు ‘బ్లీప్’ తప్ప ఇంకేమీ అనదు, అది మెలొడీకి ఒక్కదానికే అర్థమవుతుంది. మా అమ్మాయికి అదంటే ప్రాణం. నాకు మూడో ‘బ్లీప్’ దగ్గరే ఓపిక అయిపోయింది. దానికి గొంతు ఇచ్చిన డాన్ మెసిక్కే, ఇదే కంపెనీ తీసిన మరో కార్టూన్లోని కుక్క స్కూబీ-డూకీ గొంతు. అలెగ్జాండ్రా తోడబుట్టిన పిరికి అలెగ్జాండర్‌కు చెప్పిన కేసీ కేసమ్ గొంతే స్కూబీ స్నేహితుడు షాగీదీ. కళ్లు మూసుకుని వింటే ఏ కార్టూన్ నడుస్తోందో కాసేపు తికమకే.

ఇక నవ్వుల ట్రాక్. ఎవరో ఆడిటోరియంలో కూర్చుని నవ్వుతున్నట్టు ప్రతి డైలాగుకూ వెనక నవ్వు అతికించారు. అదీ కొన్నే ముక్కలు, మళ్లీ మళ్లీ అవే. కాస్త శ్రద్ధగా వింటే ఏ నవ్వు తర్వాత ఏది వస్తుందో ముందే చెప్పేయొచ్చు. దారుణం ఏమిటంటే జోకు పండినా, చీదేసినా నవ్వు అదే సైజులో ఉంటుంది. ఎక్కడా తగ్గదు, ఎక్కడా పొంగదు. అలెగ్జాండ్రా మంచి మాట అని ఒక్క క్షణం ఆగాల్సిన చోట ఈ రెడీమేడ్ నవ్వు వచ్చి ఆ ఖాళీని మింగేస్తుంది. ‘అమ్మా, నవ్వేవాళ్లంతా ఏ రూములో ఉన్నారు?’ అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు హన్నా-బార్బెరా దగ్గర కూడా జవాబు ఉండదు.

విలన్లు ఇంత మెత్తగా ఎందుకున్నారంటే, దానికో కారణం ఉంది. 1966లో ఇదే కంపెనీ ‘స్పేస్ ఘోస్ట్’ తీసింది. అందులో అంతరిక్షమంటే యుద్ధాలూ, పేలుళ్లూ. ఆ తరహా కార్టూన్లలో హింస ఎక్కువైందని తల్లిదండ్రుల సంఘాలు గొడవ చేశాయి. ఛానెళ్లు వెనక్కి తగ్గి కామెడీ వైపు, పాటల వైపు తిరిగాయి. ఆర్చీ కార్టూన్ బ్యాండు పాట ‘షుగర్ షుగర్’ 1969లో అమెరికాలో నంబర్ వన్ అయ్యాక ప్రతి కార్టూనుకూ ఒక బ్యాండు కావాల్సి వచ్చింది. 1963 నుంచి కామిక్స్‌లో ఉన్న జోసీ చేతికి గిటారు అలా వచ్చింది. ఇక్కడ తుపాకీ కాల్పులకు బదులు పాట పెట్టి, దాని మీద పరుగులు తీయిస్తారు. ఒక తలుపులో దూరి ఇంకో తలుపులోంచి రావడం లాంటివి. నా మట్టుకు ప్రతి ఎపిసోడ్‌లో బాగా కుదిరే భాగం ఇదే. ఎందుకంటే పాట నడిచేంతసేపూ ఆ నవ్వుల గోల ఉండదు!

పాటల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1970లో మొదటి సిరీస్ కోసం, బ్యాండు పాటలు నిజంగా పాడే ముగ్గురు గాయనుల్ని ఎంచుకున్నప్పుడు, నల్లజాతి అమ్మాయి పట్రీస్ హాలొవేని తీసేసి ముగ్గురూ తెల్లవాళ్లే ఉండేలా చూడమని కంపెనీ అడిగింది. పాటల నిర్మాత డానీ జాన్సెన్ ఒప్పుకోలేదు. చివరికి కంపెనీయే దిగొచ్చింది. తెర మీద వాలరీ నల్లజాతి అమ్మాయిగా ఉండటం వెనక ఈ పట్టుదల ఉంది. ఆ ముగ్గురిలో ఇంకో గొంతు, తర్వాత ‘చార్లీస్ ఏంజెల్స్’ టీవీ సీరియల్‌తో పేరు తెచ్చుకున్న షెరిల్ లాడ్‌ది.

బొమ్మల పని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. నోళ్లు కదులుతాయి, ఒళ్లు కదలదు. రంగులు బాగున్నాయి.

కొనాలా అంటే, ‘స్కూబీ-డూ’ నచ్చే పిల్లలు ఇంట్లో ఉంటే కొనండి. అది నచ్చనివాళ్లకు ఇదీ నచ్చదు. మొదటి సిరీస్ చూడకపోయినా ఇబ్బంది లేదు, టైటిల్స్‌లోనే అంతా అర్థమైపోతుంది. పూటకు రెండు ఎపిసోడ్లు మించితే గ్రహాలన్నీ కలిసిపోతాయి. సౌండ్ కాస్త తగ్గించుకోండి, నవ్వులు వెనక్కి వెళ్తాయి. ఇక వీళ్లు భూమికి చేరారా అని పిల్లలు బెంగపడితే, 1973లో ‘ద న్యూ స్కూబీ-డూ మూవీస్’లో ఒక దెయ్యాల పడవ ఎపిసోడ్ ఉంది, అది పెట్టండి. అందరూ భూమ్మీదే ఉన్నారు, అలెగ్జాండ్రాతో సహా.