వైర్‌గార్డ్ దారులు టెర్మినల్ నుంచి: డబ్ల్యూజీ-క్విక్, ఐపీ రూల్ మీద నాలుగేళ్ల వాడకం తర్వాత

లినక్స్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ ఏ ట్రాఫిక్‌ని మోయాలో, దేన్ని వదిలేయాలో చెప్పడానికి రెండు కమాండ్లు చాలు: టన్నెల్ లేపి దించే డబ్ల్యూజీ-క్విక్, ఏ ప్యాకెట్‌కి ఏ రూటింగ్ టేబుల్ చూడాలో చెప్పే ఐపీ రూల్. 2020 మార్చిలో వచ్చిన 5.6 కెర్నల్ నుంచి వైర్‌గార్డ్ అందులోనే ఉంది కాబట్టి మాడ్యూల్ విడిగా కట్టుకోనక్కర్లేదు. నాలుగేళ్లలో ఎన్‌క్రిప్షన్ వైపు ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. వచ్చిన తంటాలన్నీ రూల్స్ వరస దగ్గరే.

కాన్ఫిగ్‌లోని అలౌడ్ ఐపీస్‌లో 0.0.0.0/0 (అంటే ఐపీవీ4 అడ్రసులన్నీ) రాసి టన్నెల్ లేపితే డబ్ల్యూజీ-క్విక్ 51820 అనే టేబుల్‌లో డిఫాల్ట్ రూట్ (వేరే దారి చెప్పనిదంతా పోయే దారి) పెడుతుంది. వైర్‌గార్డ్ ఎన్‌క్రిప్ట్ చేసి బయటికి పంపే ప్యాకెట్ల మీద అదే నంబరు మార్క్‌గా పడుతుంది. ఆ మార్క్ లేనివన్నీ ఆ టేబుల్‌కి పోవాలని ఒక రూల్. దాని పైన ఇంకొకటి: ముందు మెయిన్ టేబుల్ చూడు, కానీ అందులో ఉన్న డిఫాల్ట్ రూట్‌ని మాత్రం లెక్కలోకి తీసుకోకు. సప్రెస్ ప్రిఫిక్స్‌లెంగ్త్ 0 అంటే అదే. టన్నెల్ నడుస్తున్నా ఇంట్లో ప్రింటర్ దొరికేది ఈ రూల్ వల్లే. దీన్ని ఆలోచించినవాళ్లని మెచ్చుకోవాలి.

'ఐపీ రూల్ షో' కొడితే వరస కనిపిస్తుంది: 0 లోకల్, 32764 సప్రెస్ రూల్, 32765 మార్క్ రూల్, 32766 మెయిన్, 32767 డిఫాల్ట్. చిన్న నంబరుదే ముందు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బ్యాకప్ నడిపే యూజర్, యూఐడీ (యూజర్ నంబరు) 1001 అనుకుందాం, టన్నెల్ బయటి నుంచి వెళ్లాలి. 'ఐపీ రూల్ యాడ్ యూఐడీరేంజ్ 1001-1001 లుకప్ మెయిన్ ప్రయారిటీ 100' అంటే సరిపోతుంది. కానీ టన్నెల్ దించి మళ్లీ లేపితే ఆ బ్యాకప్ కాస్తా టన్నెల్‌లోకే పోతుంది. ఎర్రర్ ఏమీ రాదు. కారణం, డబ్ల్యూజీ-క్విక్ తన రూల్స్‌కి ప్రయారిటీ ఇవ్వదు. నంబరు ఇవ్వని రూల్‌కి కెర్నల్, 0 తర్వాత మొదట ఉన్న రూల్ కంటే ఒకటి తక్కువ నంబరు ఇస్తుంది. అప్పటికే 100 ఉంది కాబట్టి మార్క్ రూల్ 99లో, సప్రెస్ రూల్ 98లో కూర్చుంటాయి. మన రూల్ దాకా ప్యాకెట్ రానే రాదు.

తేలిక మందు: ఆ రూల్‌ని చేత్తో కొట్టకుండా కాన్ఫిగ్‌లో పోస్ట్‌అప్‌లో (టన్నెల్ లేచాక నడిచేది) పెట్టి, ప్రీడౌన్‌లో (దించే ముందు నడిచేది) తీసేయడం. మెషీన్ మీద రూల్స్ రాసే ఇంకో ప్రోగ్రామ్ లేకపోతే ఇది చాలు. వైర్‌గార్డ్ మీదే కట్టిన మరో వీపీఎన్ టెయిల్‌స్కేల్ కూడా ఉంటే చాలదు. దాని రూల్స్ 5210 నుంచి మొదలవుతాయి. ఆ తర్వాత లేచిన డబ్ల్యూజీ-క్విక్ 5209, 5208 తీసుకుంటుంది. దాంతో టెయిల్‌స్కేల్ అడ్రసులైన 100.64.0.0/10కి వెళ్లాల్సినదంతా వైర్‌గార్డ్‌లో పడుతుంది.

అలాంటి చోట డబ్ల్యూజీ-క్విక్ రూట్లు, రూల్స్ పెట్టకుండా కాన్ఫిగ్‌లో 'టేబుల్ = ఆఫ్' పెట్టి అన్నీ మనమే రాసుకోవడం మేలు. అప్పుడు మర్చిపోకూడనివి కొన్ని ఉన్నాయి. ఎఫ్‌డబ్ల్యూమార్క్, అంటే పైన చెప్పిన మార్క్, మనమే ఇవ్వాలి. లేదంటే ఎన్‌క్రిప్ట్ అయిన ప్యాకెట్ మళ్లీ టన్నెల్‌లోకే తిరుగుతుంది, సర్వర్‌తో హ్యాండ్‌షేక్ (మొదటి పలకరింపు) పూర్తికాదు. ప్యాకెట్ సరైన దారిలో వచ్చిందా అని చూసే ఆర్పీ ఫిల్టర్ 1లో ఉంటే సర్వర్ నుంచి వచ్చే జవాబుని కెర్నల్ పారేస్తుంది, కాబట్టి ఇంటర్నెట్ ఉన్న ఇంటర్‌ఫేస్‌కి 2 పెట్టాలి. టేబుల్‌లో టన్నెల్ రూట్‌తో పాటు పెద్ద మెట్రిక్‌తో (అంటే ఆఖరి ఎంపికగా) ఒక బ్లాక్‌హోల్ డిఫాల్ట్, అంటే వచ్చిన ప్యాకెట్‌ని పారేసే రూట్, కూడా ఉంచాలి. టన్నెల్ ఇంటర్‌ఫేస్ పోతే దాని రూట్ కూడా పోతుంది. బ్లాక్‌హోల్ లేకపోతే ట్రాఫిక్ మెయిన్ టేబుల్ గుండా బయటపడుతుంది. ఇక ఐపీవీ6 రూల్స్ వేరే జాబితా. 'ఐపీ -6 రూల్' అని అన్నీ మళ్లీ రాయాల్సిందే. జియో లాంటి నెట్‌వర్క్‌లు ఐపీవీ6 ఇస్తాయి కాబట్టి మన దగ్గర ఇది వదిలేస్తే లీక్ ఖాయం.

రూల్ సరిగ్గా పడిందో లేదో ఊహించక్కర్లేదు. 'ఐపీ రూట్ గెట్ 8.8.8.8 యూఐడీ 1001' అడిగితే ఏ ఇంటర్‌ఫేస్‌లో పోతుందో కెర్నలే చెబుతుంది. అదే కమాండ్ 'మార్క్ 51820'తో కూడా కొట్టి చూడాలి. అందులో టన్నెల్ పేరు రాకూడదు.

పింగ్ వెళ్తుంది, ఎస్ఎస్‌హెచ్ కలుస్తుంది, పెద్ద ఫైలు మాత్రం కదలదు అంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు, బైట్లలో) చూడాలి. 1500 లింక్ మీద డబ్ల్యూజీ-క్విక్ 80 తీసి 1420 పెడుతుంది. రౌటర్ పీపీపీఓఈలో (బ్రాడ్‌బ్యాండ్ లాగిన్ పద్ధతి) ఉంటే అసలు లింక్ 1492, ఆ సంగతి వెనకున్న మెషీన్‌కి తెలియదు. ఎండ్‌పాయింట్ (సర్వర్ అడ్రసు) ఐపీవీ4 అయితే అదనపు భారం 60 బైట్లే, మొత్తం 1480, ఇమిడిపోతుంది. ఐపీవీ6 అయితే సరిగ్గా 1500 అవుతుంది, పట్టదు. 1412 పెడితే సరి.

కాన్ఫిగ్ మార్చాక కనెక్షన్లు తెగకుండా 'డబ్ల్యూజీ సింక్‌కాన్ఫ్' బాగా పనిచేస్తుంది, కానీ అది పీర్లు (టన్నెల్ అవతలి మెషీన్లు), కీలు లాంటి వైర్‌గార్డ్ సెట్టింగులనే మారుస్తుంది, రూట్ల జోలికి పోదు. కొత్త పీర్‌కి కొత్త సబ్‌నెట్ ఇస్తే 'ఐపీ రూట్ యాడ్' విడిగా కొట్టాలి.