తాహో బాగుంది, గది బిల్లే బాగోలేదు

2023 సెప్టెంబర్‌లో అమ్మానాన్నలను అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో ఉన్న తాహో సరస్సుకు తీసుకెళ్లాం. గది రాత్రికి 129 డాలర్లని బుక్ చేశాను. కౌంటర్ దగ్గర మరో 39 డాలర్లు ‘రిసార్ట్ ఫీజు’ అన్నారు. పన్నులతో కలిపి 190 దాటింది. ఈత కొలను, వైఫై, లోకల్ ఫోన్ కాల్స్ అన్నీ అందులోనేనట. కొలనుకేమో తాళం. “ఫోన్లు ఎవరికి చేసుకోవాలి, ఎలుగుబంట్లకా?” అంది అమ్మ. కౌంటర్‌లో అబ్బాయి తలెత్తకుండా “సైట్‌లో కింద రాసే ఉంది సార్” అన్నాడు. ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. మా ఆవిడ రాత్రంతా నాతో మాట్లాడలేదు, ఆ గది వెతికింది నేనే కదా.

మర్నాడు సరస్సులోనే ఉన్న ఎమరాల్డ్ బే అనే చిన్న ఖాతం. వైకింగ్స్‌హోమ్ అనే 1929 నాటి రాతి భవనం ఒడ్డునే ఉంది. మైలు దిగాలి, మళ్లీ మైలు ఎక్కాలి. నాన్న మోకాళ్లకు దణ్ణం పెట్టి పైనుంచే చూశాం. పెద్దవాళ్లతో వెళ్తే మీరూ అంతే చేయండి. తాహో మొత్తంలో ఉన్న ఒకే ఒక్క దీవి, ఫెనెట్, పైనుంచే బాగా కనిపిస్తుంది.

రోడ్డుకు అవతల ఈగిల్ ఫాల్స్ అనే జలపాతం నుంచి డెసొలేషన్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అటవీ ప్రాంతంలోకి బాట ఉంది. అక్కడ పగటి నడకకూ పర్మిట్ కావాలి, కానీ పైసా ఖర్చు లేదు. బాట మొదట్లోనే పెట్టె ఉంటుంది, ఫారం నింపి ఒక కాగితం పెట్టెలో వేసి రెండోది జేబులో పెట్టుకోవడమే. రాత్రి గుడారం వేసుకోవాలంటే మాత్రం ముందే రిజర్వ్ చేసుకోవాలి, కోటా ఉంటుంది. నిన్నటి కౌంటర్ గుర్తొచ్చి నాన్న ఆ ఫారాన్ని రెండుసార్లు తిరగేసి చూశారు, కింద చిన్నక్షరాలేమైనా ఉన్నాయేమోనని.

మైలు నడిస్తే ఈగిల్ లేక్. నాన్న రాళ్ల మెట్లు చూసి జలపాతం దగ్గరే అమ్మతో కూర్చుండిపోయారు. మేమిద్దరం, పిల్లాడు వెళ్లొచ్చాం. గ్రానైట్ బండల మధ్య నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే, పిల్లాడు పాదం పెట్టి కెవ్వుమన్నాడు. మా ఆవిడ అప్పటికి నవ్వింది.

తిరిగొచ్చేసరికి అమ్మ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని, పైన చీర కొంగు కప్పి కూర్చుంది. కారులో తిండి పెట్టొద్దు, వాసనకు ఎలుగుబంట్లు తలుపులు పీకేస్తాయని బోర్డు చూసిందట. “ఇంగువ వేశానురా, త్వరగా తినేయండి” అంది.