తప్పిపోయి తిరిగొచ్చేవాళ్లకు బైబిల్ సొసైటీ పాత అనువాదం ఎట్లుంది?

నల్లగొండ, పాలమూరు చర్చిల్లో ఎక్కువగా వినబడేది ఈ అనువాదమే. విశ్వాసంలో పడిపోయి, మళ్లీ లేవాలనుకునేవాళ్లు ముందు లూకా 22:54-62, తర్వాత యోహాను 21 చదవాలి. శిష్యుడు పేతురు యేసును ఎరుగనన్నది మూడుసార్లు, ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని యేసు అతన్ని అడిగిందీ మూడుసార్లే.

ఇక్కడే ఒక లోపం. పేతురు బొంకినచోట (యోహాను 18:18) ‘మంట’ అని, యేసు రొట్టె, చేపలు సిద్ధంచేసినచోట (21:9) ‘నిప్పులు’ అని ఉంది. గ్రీకులో రెండుచోట్లా ఒకటే మాట, బొగ్గుల నిప్పు. పేతురును ఓడిపోయిన జ్ఞాపకం దగ్గరికే తీసుకుపోయి యేసు క్షమించడం తెలుగులో కనబడదు. పెన్సిల్‌తో పక్కన రాసుకోండి, పెన్ను సిరా సన్న కాగితంలో వెనక్కి దిగుతుంది.

తర్వాత యేసు పేతురుతో చెప్పే గొఱ్ఱెల మాటలు (21:15-17) మాత్రం చాలా బాగా కుదిరినయ్: ‘మేపుము’, ‘కాయుము’. మేపుడు వేరు, కాసుడు వేరని మన గొల్లకురుమలకు చెప్పే పనిలేదు. క్షమాపణతోపాటే పని కూడా అప్పజెప్పిండు, అది మనసుకు తాకుతుంది.

గ్రాంథికం పిల్లలకు కష్టం. పెద్దవాళ్లకైతే పెద్దక్షరాల ప్రతే తీసుకోండి. కొనేముందు మధ్యలో విప్పి దారపు కుట్టు చూడండి. జిగురుతో అంటించినవైతే రోజూ తెరిస్తే పేజీలు ఊడతయ్.