పార్కు డిస్ట్రిక్ట్: పన్ను కడుతూ చాలా ఏళ్లు వాడిన మీదట

షికాగో పడమటి శివార్లలో ఇల్లు కొన్నవాళ్లకి మొదటిసారి ఆస్తి పన్ను బిల్లు వచ్చినప్పుడు బడుల పద్దు చూసి గుండె గుభేలుమంటుంది. ఆ కంగారులో కిందనున్న చిన్న పద్దు ఎవరికీ కనబడదు. పార్కు డిస్ట్రిక్ట్ అని ఉంటుంది. మా బిల్లులో నూటికి ఐదు లోపే. పిల్లల ఈత నుంచి గోంగూర మడి దాకా మా ఇంటిల్లిపాదీ ఇన్నేళ్లూ వాడుతున్నది దాన్నే కాబట్టి ఈ సమీక్ష. మా డిస్ట్రిక్ట్ పేరు రాయను. మెచ్చుకోలుతో పాటు తిట్లూ ఉన్నాయి మరి.

ముందు అసలు ఇదేమిటో చెప్పాలి. చాలామంది దీన్ని మున్సిపాలిటీలో ఒక శాఖ అనుకుంటారు. కాదు. ఇల్లినాయ్‌లో పార్కు డిస్ట్రిక్ట్ అంటే విడిగా ఒక చిన్న ప్రభుత్వం. రాష్ట్రంలో ఇలాంటివి 300కి పైగా ఉన్నాయి. షికాగో నగరానిది కూడా అలాంటిదే, 1934లో అప్పటి 22 డిస్ట్రిక్టుల్ని కలిపేసి ఒకటి చేశారు. అక్కడ బోర్డుని మేయరే నియమిస్తారు. మా శివారు డిస్ట్రిక్టులకి మాత్రం సొంత పన్ను, సొంత సరిహద్దు, ఓటర్లు ఎన్నుకున్న సొంత బోర్డు. కమిషనర్లు ఐదుగురో ఏడుగురో ఉంటారు. బేసి సంవత్సరాల్లో ఏప్రిల్ ఎన్నికల్లో గెలిచి వస్తారు, జీతం పైసా ఉండదు. రోజువారీ పని నడిపేది వాళ్లు నియమించిన డైరెక్టరు. రోడ్ల గుంతలు పూడ్చడానికి మేయరుగారు పార్కుల డబ్బులోంచి రూపాయి తీయలేరు, ఆ ఖాతా ఆయనది కాదు. నా మట్టుకు నాకు ఈ ఏర్పాటులో ఉన్న గొప్పంతా అదే. పార్కు బాగోలేకపోతే ఎవర్ని అడగాలో తెలుసు, వాళ్లు ఇంకొకరి మీదకి నెట్టలేరు.

దీనికి రెండో పక్కా ఉంది. సరిహద్దు ఊరి సరిహద్దుతో కలవాలని లేదు. మా వీధి మొదట్లో ఉన్న ఇళ్లకి మా చిరునామాలో ఉన్న ఊరి పేరే, కానీ డిస్ట్రిక్ట్ వేరు. వాళ్లు మా ఈతకొలనుకి వస్తే బయటివాళ్ల రేటు కట్టాలి. ఇల్లు కొనేముందు స్కూలు రేటింగులు తిరగేస్తాం కదా, పాత పన్ను బిల్లు అడిగి అందులో ఏ పార్కు డిస్ట్రిక్ట్ ఉందో కూడా చూడండి.

ఇక వాడకం. నాకు అన్నిటికంటే నచ్చింది కూరగాయల మళ్లు. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు మడిని ఏడాదికి అద్దెకిస్తారు. ఏప్రిల్‌లో వాళ్లే ట్రాక్టరుతో దున్ని, నాలుగు మూలలా కర్రలు పాతి, నంబరు కడతారు. మే నెల సగం గడిచేదాకా మంచు భయం ఉంటుంది కాబట్టి తొందరపడి నారు పెడితే మాడిపోతుంది. జూలైకల్లా ఆ పొలం మొత్తం చిన్న రైతుబజారులా ఉంటుంది. ఒక మళ్లో బెండ, పక్క మళ్లో పోలిష్ పెద్దావిడ వేసిన సోంపాకు లాంటి డిల్, ఆ పక్కన తోటకూర, సొరపాదు. మా గోంగూర ఏపుగా పెరిగాక పక్క మడి పెద్దమనిషి రెండు రోజులు దూరం నుంచే చూసి, మూడో రోజు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, “ఇది వేసుకోడానికి పర్మిషన్ ఉందా?” అన్నాడు. ఆకు చూస్తే ఆయన అనుమానంలో తప్పులేదు, అచ్చం గంజాయాకే. ఒకటి తెంపి నోట్లో పెట్టుకోమన్నాను. ఆ పులుపుకి ముఖం ముడిచి నవ్వేశాడు.

రూల్సు మాత్రం గట్టివి. కలుపు పెరిగితే నోటీసు కర్రకి తగిలిస్తారు, గడువులోగా పీకకపోతే మడి పోయినట్టే. ఇండియాకి మూడు వారాలు వెళ్లేవాళ్లు ఎవరికైనా అప్పజెప్పి వెళ్లాలి. నీళ్ల కుళాయి ఎక్కడో మూల ఉంటుంది, ఎండాకాలంలో బకెట్లు మోయలేక నడుం పడిపోతుంది. ఇన్నేళ్లలో ఇంకో కుళాయి పెట్టమని అడగని ఏడాది లేదు.

చలికాలంలో లోపలి వాకింగ్ ట్రాక్. ఇది లేకపోతే మా ఇంట్లో పెద్దవాళ్లు జనవరిలో పిచ్చెక్కిపోయేవాళ్లు. బయట మైనస్ పదిహేను, లోపల మంకీ క్యాపు పెట్టుకుని గుంటూరు నుంచి వచ్చిన తాతలు, అనంతపురం నుంచి వచ్చిన అమ్మమ్మలు గుండ్రంగా తిరుగుతుంటారు. సగం సంబంధాలు అక్కడే కుదురుతున్నాయని నా అనుమానం. మొదట్లో దీనికో చిక్కు ఉండేది. ట్రాక్ కార్డు కావాలంటే స్థానికుడని రుజువు, అంటే పేరు మీద కరెంటు బిల్లో ఇంకోటో చూపించాలి. ఆరు నెలలకి వీసా మీద వచ్చిన మామగారి పేరు మీద కరెంటు బిల్లు ఎక్కణ్ణుంచి వస్తుంది? కౌంటరులో ఉన్న పిల్ల పాపం రూలు చదివి వినిపించింది. బోర్డు మీటింగుకి వెళ్లి చెప్పాను. రాష్ట్రంలో బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, మా దగ్గర మనిషికి మూడు నిమిషాలు. కొన్ని నెలలకి ఇంటి అతిథి కార్డు అని పెట్టారు. ఇదే పని ఏ సిటీ హాల్లోనో అయితే ఫైలు ఎన్ని బల్లలు తిరిగేదో.

ఈత క్లాసులు బాగుంటాయి, దొరికితే. రిజిస్ట్రేషను తెరిచిన నిమిషాల్లో శనివారం బ్యాచీలన్నీ నిండిపోతాయి. ఇద్దరు రెండు ఫోన్లు పట్టుకుని కూర్చున్నా వెయిట్ లిస్టే. అసలు కొరత కొలనుకి కాదు, లైఫ్‌గార్డులకి. ఆ పని చేసేది పదహారు, పదిహేడేళ్ల హైస్కూలు పిల్లలు. 2019లో చేసిన చట్టంతో ఇల్లినాయ్ కనీస వేతనం మెట్లెక్కుతూ 2025 జనవరికి గంటకి 15 డాలర్లయింది, ఏడాదికి 650 గంటల లోపు పనిచేసే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి 13. అంతకుముందు పెద్దవాళ్లకే 8.25 ఉండేది. పిల్లలకి మంచిదే, కానీ వేసవి మనుషుల మీదే నడిచే సంస్థకి అది చిన్న దెబ్బ కాదు. పన్ను పెంచుకుందామంటే శివారు కౌంటీల్లో 1991 నుంచి కట్టడి ఉంది. కొత్త కట్టడాల సంగతి పక్కన పెడితే, మొత్తం పన్ను వసూలుని ధరల పెరుగుదలకో ఐదు శాతానికో, రెండిటిలో ఏది తక్కువైతే దానికి మించి పెంచకూడదు, ప్రజల ఓటు ఉంటే తప్ప. ధరలు ఏడు శాతం పెరిగిన ఏడాది కూడా వీళ్లకి ఐదే. అందుకే క్లాసుల ఫీజులు ఏటా కొంచెం కొంచెం ఎక్కుతుంటాయి. కోపం వస్తుంది, కానీ లెక్క చూశాక పెద్దగా వాదించలేను.

స్థలాలు ఎలా వచ్చాయన్నది ఇంకో ఆసక్తికరమైన విషయం. కొత్త కాలనీ వేసే బిల్డరు బడికీ పార్కుకీ భూమైనా ఇవ్వాలి, విలువైనా కట్టాలి అని నేపర్‌విల్ ఊరు నిబంధన పెడితే కోర్టుకెక్కారు. 1977లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఊరి పక్షానే తీర్పిచ్చింది. మన దగ్గర లేఅవుట్లలో 10 శాతం ఖాళీ స్థలం వదలాలన్న నిబంధన లేదా? ఉంది. కాకపోతే వదిలిన స్థలానికి కాపలా ఉండదు. ఇప్పుడు హైదరాబాదులో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వెళ్లి పార్కు స్థలాల చుట్టూ కంచెలు వేస్తున్న వార్తలు చూస్తుంటే తేడా తెలుస్తుంది. ఇక్కడ ఆ భూమి చేతికందగానే దానికి గడ్డి కోసే మనిషి, నీళ్లు పెట్టే మనిషి, పద్దు రాసే మనిషి వెంటనే ఉంటారు.

నడిపే తీరు చూడాలంటే మీటింగు ముందు పెట్టే కాగితాల కట్ట చదవండి. అజెండా 48 గంటల ముందు పెట్టాలని చట్టం. అందులో నాకు ఇష్టమైనది చెల్లింపుల జాబితా. కొలనుకి క్లోరిన్, ఆటస్థలంలో పరిచే చెక్కపొట్టు, మొబైల్ టాయిలెట్ల అద్దె, చెరువు గట్టున కుక్కలతో బాతుల్ని తరిమించేవాళ్లకి ఇంత. అవును, కెనడా బాతుల రెట్టలు ఇక్కడ ప్రభుత్వ సమస్యే. మా పార్కు మారినప్పుడు రెండు డిజైన్లు అట్ట మీద అంటించి, పిల్లల చేతికి ఆకుపచ్చ చుక్కలిచ్చి నచ్చినదాని మీద అతికించమన్నారు. మావాడు ఇచ్చిన చుక్కలన్నీ జారుడుబల్ల మీదే గుచ్చాడు. వీల్‌చెయిరు పోయేలా మెత్తటి రబ్బరు నేల వేశారు. వికలాంగుల వినోదానికని విడిగా పన్ను వేసుకునే వీలుంది వీళ్లకి, ఆ డబ్బుతోనట.

నా తగువు క్రికెట్ దగ్గర. పిచ్ ఉంది, కాదనను. సిమెంటు మీద మ్యాటింగ్. కానీ దాన్ని రెండు సాకర్ మైదానాల మధ్య ఇరికించారు, డీప్ మిడ్‌వికెట్‌లో పిల్లల గోల్‌పోస్టు ఉంటుంది. ఆదివారం స్లాట్లు ముందు పాత లీగులకి పోతాయి, మిగిలింది మాకు. పొద్దున్నే ఆరింటికి టాసు వేసుకుంటాం. పదో ఓవరు పడేసరికి ఎక్కడో మెరుపు పసిగట్టి హారన్ పదిహేను సెకన్లు మోగుతుంది, అందరూ కార్లలోకి. మూడుసార్లు పొట్టిగా మోగేదాకా బయటికి రాకూడదు. అది జాగ్రత్త, దాన్ని తప్పుబట్టను. స్లాట్ల పంపకాన్ని మాత్రం తప్పుబడతాను.

మార్కులంటే ఐదుకి నాలుగిస్తాను. ఇంతమంది మనవాళ్లు ట్రాక్ మీదా మడిలోనూ మైదానంలోనూ కనిపిస్తారు, మీటింగు గదిలో మాత్రం ఎప్పుడు చూసినా నేనూ, కుళాయి అడిగే పోలిష్ పెద్దావిడా, సాకర్ లీగు తరఫున వచ్చే ఇద్దరూ. స్లాట్లు వాళ్లకెందుకు పోతున్నాయో వేరే చెప్పాలా? కొన్నేళ్లకోసారి మాస్టర్ ప్లాన్ సర్వే పోస్టులో వస్తుంది. దాన్ని అడ్వర్టైజ్‌మెంటు అనుకుని పారేయకండి. “ఇతర సూచనలు” అన్న పెట్టెలో ఇంటికొకరు రెండో పిచ్ అని రాసినా లెక్కకొస్తుంది. పన్ను తీర్మానం డిసెంబరు ఆఖరి మంగళవారంలోగా కౌంటీ క్లర్కుకి చేరాలి కాబట్టి వచ్చే ఏడాది డబ్బు మాటలు నవంబరు, డిసెంబరు మీటింగుల్లోనే తేలిపోతాయి. ఏప్రిల్లో బ్యాట్లు తీశాక అడిగితే అప్పటికే ఆలస్యం.