పాత రికార్డు కడగడానికి ఏది మేలు: సబ్బు నీళ్లా, ఆల్కహాలా?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో కొన్న పాత గ్రామఫోన్ రికార్డును తేగానే ప్లేయర్ మీద పెట్టకండి. గాడిలో దుమ్ము ఉండగా ముల్లు తిరిగితే ఆ దుమ్మే గాడి గోడల్ని గీస్తుంది. ఆ గీత ఇక పోదు.

కడిగే ముందు అది ఏ రకం రికార్డో చూడండి. మందంగా, బరువుగా ఉండి లేబుల్ మీద 78 అని ఉంటే దాదాపుగా లక్కతో చేసినదే. మన తాతల కాలం నాటి నాటక పద్యాలు చాలావరకు ఇలాంటి ప్లేట్ల మీదే వచ్చాయి. వీటికి ఆల్కహాల్ అస్సలు తగలనివ్వకండి. లక్క కరుగుతుంది, దాంతో పాటే పాటా పోతుంది. నీళ్లలో నానబెట్టడం కూడా వద్దు. సబ్బు నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడిచి, వెంటనే ఆరబెట్టాలి.

1948లో మొదలైన ఎల్పీలు (లాంగ్ ప్లే రికార్డులు) వినైల్ అనే ప్లాస్టిక్‌వి. ఇక్కడే రెండు దారులున్నాయి. ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపితే వేలిముద్రల జిడ్డు బాగా వదులుతుంది, తొందరగా ఆరుతుంది. కానీ ఆ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది, పొయ్యి దగ్గర కలపకూడదు. దానికి బదులు శానిటైజర్ వాడొద్దు, అందులోని గ్లిజరిన్ గాడిలోనే ఉండిపోతుంది.

రెండోది, అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు. రంగు, సువాసన ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మామూలు దుమ్ముకి ఇది చాలు. సబ్బు మిగలకుండా రెండోసారి ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఇది మానేస్తే మాత్రం ఆ సబ్బంతా ముల్లుకి అంటుకుంటుంది.

నా ఓటు సబ్బు నీళ్లకే. జిడ్డు మొండికేసిన ఎల్పీకి మాత్రమే ఆల్కహాల్.

ఏది వాడినా అసలు సంగతి నీళ్లలో ఉంది. హైదరాబాద్ బోరు నీళ్లు ఆరితే స్టీలు గ్లాసు మీద తెల్లటి మరకలు చూస్తూనే ఉంటాం కదా, అదే గాడిలోనూ పేరుకుంటుంది. ఆర్‌ఓ నీళ్లలోనూ కొంత లవణం మిగులుతుంది. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో చవకగానే దొరుకుతుంది. సీలు ఉన్న డబ్బా కొనండి, యాసిడ్ డబ్బా కాదని చూసుకోండి.

జిగురు పూసి పొరలా లాగేసే పద్ధతి జోలికి పోవద్దు. ఒక్క ముక్క గాడిలో ఇరుక్కున్నా తీయలేం.

లేబుల్ తడవకుండా, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగే వైపే తుడవండి. అడ్డంగా రుద్దకండి. తర్వాత గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ఎండకి ఎల్పీ వంగిపోతుంది, ఫ్యాన్ గాలికి దుమ్ము మళ్లీ చేరుతుంది. పూర్తిగా ఆరాక పాత కవర్లోకే తోయకుండా లోపలి కవర్ కొత్తది వేయండి.