గ్రానైట్ దుమ్ములో నాలుగేళ్లు: టైప్-సీ చార్జింగ్ ల్యాప్‌టాప్ ఎలా ఉందంటే

చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసంటే గోడకి అటు పాలిషింగ్ మిషన్లు, ఇటు కంప్యూటర్లు. గెలాక్సీ రాయిని నీళ్లు పోస్తూనే కోస్తారు గానీ, ఆ బురద ఎండాక లేచే దుమ్ముని ఎవరూ ఆపలేరు. ఈ-వే బిల్లులు, స్లాబుల కొలతలు, ఎగుమతి ఇన్‌వాయిసులు అన్నీ ఈ ల్యాప్‌టాప్ మీదే నడుస్తున్నాయి. కొని నాలుగేళ్లు దాటింది. స్క్రీను బాగుంది, కీబోర్డు బాగుంది, స్పీడు మా పనికి చాలు. పేచీ అంతా చార్జింగ్‌తోనే వచ్చింది కాబట్టి రాసేది కూడా దాని గురించే. కంపెనీ పేరు ఎత్తడం లేదు. పాత గుండ్రటి పిన్ను బదులు టైప్-సీతో చార్జయ్యే ఏ మోడల్ కొన్నా దాదాపు ఇవే ఎదురవుతాయి.

చార్జ్ ఎక్కడం లేదనగానే "బ్యాటరీ పోయినట్టుంది" అనేస్తారు అందరూ. నా వాడకంలో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పు బ్యాటరీది కాదు. ఎక్కువసార్లు పోర్టుది, ఆ తర్వాత కేబుల్‌ది.

టైప్-సీ పోర్టు లోపల సన్నటి నాలుక ఒకటి ఉంటుంది. దానికి రెండు వైపులా కలిపి 24 కాంటాక్టులు. వాటిలో సీసీ అనే కాంటాక్టు మీదుగా చార్జరూ ల్యాప్‌టాపూ ఎన్ని వోల్టులు కావాలో తేల్చుకుంటాయి. ఆ బేరం కుదిరితేనే 20 వోల్టులు వస్తాయి. కుదరకపోతే 5 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది, లేదా అసలు కరెంటే రాదు. మా ఎడమవైపు పోర్టులో జరిగింది అదే. ప్లగ్గు పూర్తిగా దిగినట్టే కనిపించేది. కుడివైపు పోర్టులో పెట్టి పోల్చి చూస్తే తెలిసింది, ఎడమవైపు గోరు మందాన బయటికే ఉండిపోతోంది. సెల్లు టార్చి వేస్తే అడుగున బూడిదరంగు గడ్డ. రాతిపొడి తేమ తగిలి గట్టిపడింది. ల్యాప్‌టాప్ ఆపేసి, టూత్‌పిక్ కొసని బ్లేడుతో పలచగా చెక్కి, నాలుకకు తగలకుండా పక్క గోడ వెంట మెల్లగా గీకితే పాత గోడ సున్నంలా పెచ్చు ఊడొచ్చింది. తర్వాత ప్లగ్గు టక్కున కూర్చుంది.

గుండుసూది మాత్రం పెట్టకండి. మిషన్ ఆపినా లోపల బ్యాటరీలో కరెంటు ఉంటుంది, షార్టయితే బోర్డుకే ముప్పు. మా కుర్రాళ్లయితే "సార్, ఎయిర్ కొట్టేద్దాం" అంటూ కంప్రెసర్ పైపు పట్టుకొస్తారు. ఆ గాలితో పాటు నీటి తుంపర, నూనె కూడా వస్తాయి, పైగా ఆ ప్రెషర్‌కి దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. రబ్బరు బుడ్డి బ్లోయర్ చాలు.

ఇక కేబుల్. అన్ని టైప్-సీ కేబుళ్లూ ఒకేలా కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే. మామూలు కేబుల్ 3 ఆంపియర్లదాకే మోస్తుంది, అంటే 20 వోల్టుల మీద 60 వాట్లు. అంతకు మించి కావాలంటే లోపల చిన్న చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి. కొన్ని కేబుళ్లు ఫోన్ నింపడానికే చేసినవి, ల్యాప్‌టాప్‌కి పెడితే లాభం లేదు. ఫోన్ చార్జర్ సంగతీ అంతే. దాని మీద 67 వాట్లని పెద్ద అక్షరాలతో ఉన్నా, అది తరచూ ఆ ఫోన్ కంపెనీ సొంత పద్ధతికే, ల్యాప్‌టాప్‌కి దక్కేది చాలా తక్కువ కావచ్చు. పెద్ద అక్షరాలు వదిలేసి కింద సన్నటి అక్షరాల్లో అవుట్‌పుట్ అన్న వరస చదవండి. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్ల చార్జర్.

ల్యాప్‌టాప్‌తో పాటు నేను కొన్న వాటిల్లో బాగా పనికొచ్చింది టైప్-సీ మీటర్. వేలెడంత ఉంటుంది, కొన్ని వందల రూపాయలకే వస్తుంది. కేబుల్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్యలో పెడితే వోల్టులు, ఆంపియర్లు కనిపిస్తాయి. ఏమీ చూపకపోతే చార్జరో కేబులో పోర్టో చూడాలి. 5 దగ్గరే నిలిచిపోతే బేరం కుదరలేదని అర్థం, ముందు కేబుల్ మార్చి చూడాలి. 20 వోల్టులు చూపిస్తూ, బ్యాటరీ అడుగంటినా ఆంపియర్లు కదలకపోతే అప్పుడు ల్యాప్‌టాప్ లోపలి సంగతి.

కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడు ఒక్కోసారి చార్జింగ్ మొండికేస్తుంది. చార్జర్‌ని గోడ ప్లగ్గు నుంచి పీకి కాసేపు వదిలేసి, ఆ లోపు ల్యాప్‌టాప్ పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుంటే చాలాసార్లు దారికొస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో కారులో ఉంచి తెచ్చి వెంటనే ప్లగ్గు పెట్టినా ఎక్కదు. బ్యాటరీ బాగా వేడెక్కితే చార్జింగ్‌ని మిషనే ఆపేస్తుంది. ఫ్యాను కింద చల్లబడనివ్వాలి. 80 శాతం దగ్గర ఆగిందని మా లెక్కల కుర్రాడు ఓ పూట హైరానా పడ్డాడు. బ్యాటరీ మన్నిక కోసం కంపెనీ యాప్‌లో ఉండే సెట్టింగది, రోగం కాదు.

బ్యాటరీ మీద నిజంగా అనుమానముంటే విండోస్‌లోనే రిపోర్టు తీయొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని (స్లాష్‌కి ముందు ఒక ఖాళీ వదిలి) కొడితే చాలు. కొత్తలో 57 వాట్-అవర్లున్న నా బ్యాటరీ ఇప్పుడు 41 పట్టుకుంటోంది. ఇంత వాడకానికి అది మర్యాదైన తరుగుదలే. టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉబ్బినట్టుంటే మాత్రం రిపోర్టులు చూస్తూ కూర్చోవద్దు, చార్జింగ్ ఆపేసి రిపేరుకిచ్చేయాలి.

పోయిన ఏడాది ఎడమ పోర్టు టంకమే వదిలింది. సర్వీస్ సెంటర్లో బోర్డు మొత్తం మార్చాలన్నారు, కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగం దాకా చెప్పారు. ఒంగోలులో చిప్ లెవెల్ పని చేసే షాపతను పోర్టు ఒక్కటే మార్చి రెండు వేల లోపు తీసుకున్నాడు. రిపేరుకిచ్చేదాకా పని ఆగలేదంటే, కుడి పోర్టుతోనే నెట్టుకొచ్చాను. రెండు వైపులా పోర్టుండటం ఈ మోడళ్లలో నాకు నచ్చిన గుణం.

మళ్లీ కొన్నా టైప్-సీదే కొంటాను, కానీ చార్జయ్యే పోర్టులు రెండు ఉన్నదే. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో రెండో టైప్-సీ డేటాకే తప్ప చార్జింగ్‌కి పనికిరాదు, చూపుకి తేడా తెలియదు. షాపులో పెట్టె తెరిపించి, చార్జర్‌ని రెండు పోర్టుల్లోనూ పెట్టి చూపించమనండి. విసుక్కుంటే విసుక్కోనీండి.