ఆదివారం వ్యాసమా, సాయంత్రం ఉపన్యాసమా?

అమరావతి స్తూపం మీద చేసిన పరిశోధనను మామూలు జనానికి చెప్పాలంటే మా గుంటూరు వాళ్లకు రెండు దారులు. ఒకటి పత్రికలో ఆదివారం వ్యాసం. రెండోది జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఓ సాయంత్రం ఉపన్యాసం.

వ్యాసానికి జాగా తక్కువ. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరడం, తర్వాత వాటిలో చాలా లండన్‌కు వెళ్లడం రాసేసరికే సగం పేజీ అయిపోతుంది. అసలు కొత్త సంగతికి మిగిలేది రెండు పేరాలు. అయినా అచ్చులో పడింది నిలుస్తుంది, కత్తిరించి దాచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఉపన్యాసం సంగతి వేరు. మైకు గోల, మధ్యలో లేచి వెళ్లేవాళ్లు, అన్నీ భరించాలి. కానీ ఓసారి నేను అలవాటుకొద్దీ 'పాలరాతి శిల్పాలు' అన్నాను. వెనక వరుసలోంచి పల్నాడు పెద్దాయన ఒకరు లేచి, "అది మా సున్నపురాయి కదండీ, పాలరాయి ఎక్కడిది?" అన్నారు. ఆయన మాటే నిజం. ఇంగ్లీషువాళ్లు 'అమరావతి మార్బుల్స్' అని పెట్టిన పేరే మా నోళ్లలో పాతుకుపోయింది. వ్యాసమైతే ఆ తప్పు అలాగే అచ్చయ్యేది.

అందుకే నేను ముందు మాట్లాడతాను, రాయడం ఆ తర్వాతే. ఎడిటర్ గారికి ఈ ఆలస్యం నచ్చదు, అది వేరే టెన్షన్.